చరిత్ర బోధన - మూలపత్రముల సాక్ష్యము

చరిత్రను బోధించుటకు రెండు మార్గములు కలవు. జరిగినది ఇదియే యని ఒక పుస్తకమును విద్యార్థి చేతికిచ్చి, దానిని చదివి పరీక్షలో తిరిగి అప్పగింపుమనుట ఒక మార్గము. ఆ పుస్తకమును వ్రాసినవారు ఏ ఆధారములను బట్టి వ్రాసిరో ఆ ఆధారములనే విద్యార్థి ముందుంచి, వీనివలన నీవేమి గ్రహించితివని అడుగుట మఱియొక మార్గము. మొదటిది సులభము. ఉపాధ్యాయునకు శ్రమ తక్కువ. మార్కులు వేయువారికి పని తేలిక. రెండవది కష్టము. కాని చరిత్ర యనగా నేమో విద్యార్థికి తెలియవలెనన్న ఆ కష్టమును తప్పించుకొనుటకు వీలు లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ దేశ చరిత్రను బాలబాలికలకు ఏ రీతిగా బోధింపవలెనను వివాదము ఇటీవలి సంవత్సరములలో పాఠశాలలను దాటి శాసనసభల వఱకు వ్యాపించినది. పుస్తకములో ఏమి యుండవలెను, ఏమి యుండరాదు అను కోలాహలములో, పుస్తకమునకు వెనుకనున్న పత్రమును గూర్చిన విచారము వెనుకబడినది. వివాదమును కొంతవఱకైనను చల్లార్చగల మందు ఆ పత్రములలోనే యున్నది.

మూలపత్రములతో బోధించుట క్రొత్త ఊహ కాదు. మేరీ షెల్డన్ బార్న్స్ అను అధ్యాపకురాలు 1885లో ప్రకటించిన సామాన్య చరిత్ర గ్రంథములోను, తన భర్తతో కలసి 1891లో ప్రకటించిన అమెరికా చరిత్ర గ్రంథములోను ఈ పద్ధతినే యవలంబించెను. కథనమును తగ్గించి, ఆయా కాలములవారి వ్రాతలను విద్యార్థుల ముందుంచి, వానిపై ప్రశ్నలు వేయుట ఆమె విధానము. హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆల్బర్ట్ బుష్నెల్ హార్ట్ 1897 మొదలు 1901 వఱకు నాలుగు సంపుటములలో సమకాలికుల రచనలను సంకలనము చేసి అందించెను. అయినను నాటి విద్యార్థికి దక్కినది సంకలనకర్త యెంచి అచ్చు వేయించిన భాగము మాత్రమే. అసలు కాగితము ఎక్కడనో భద్రముగా పెట్టెలో నుండెడిది. 1934లో నేషనల్ ఆర్కైవ్స్ ఏర్పడి కేంద్ర ప్రభుత్వపు దస్తావేజులను ఒక కప్పు క్రిందకు చేర్చుట మొదలిడినది. ఆ సంస్థయే 2010లో ఉపాధ్యాయుల కొరకు డాక్స్‌టీచ్ అను ఆన్‌లైన్ వేదికను నెలకొల్పినది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైతము తన వ్రాతప్రతులను, ఛాయాచిత్రములను విరివిగా ఇంటర్నెట్టులో నుంచినది. కావున పత్రము దొరకదను సాకు నేడు చెల్లదు. దొరకిన పత్రముతో నేమి చేయవలెననునదే ప్రశ్న.

దీనికి లెక్సింగ్టన్ కథ మంచి యుదాహరణము. 1775 ఏప్రిల్ 19వ తేదీ తెల్లవారుజామున మసాచుసెట్స్‌లోని ఆ గ్రామపు పచ్చికబయలులో బ్రిటిష్ సైనికులకును, స్థానిక పౌరదళమునకును ఘర్షణ జరిగెను. ఎనమండుగురు స్థానికులు మరణించిరి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమునకు అది ప్రారంభము. మొదటి తుపాకి నెవరు పేల్చిరి? పాఠ్యగ్రంథము ఒక్క వాక్యములో ఏదో యొకటి చెప్పి దాటిపోవచ్చును. పత్రములు అంత సులభముగా దాటనీయవు. ఘర్షణ జరిగిన ఆరు దినములకు, అనగా ఏప్రిల్ 25న, పౌరదళమునకు చెందిన 34 మంది న్యాయాధికారుల యెదుట ప్రమాణము చేసి వాఙ్మూలమిచ్చిరి. తాము చెదరిపోవుచు వెనుదిరిగియున్న సమయమున సైనికులు తమపై కాల్చిరని దాని సారము. బ్రిటిష్ సేనలోని లెఫ్టినెంట్ జాన్ బార్కర్ డైరీ మఱియొక విధముగా చెప్పుచున్నది. తాము సమీపింపగనే అవతలివారు ఒకటి రెండు తూటాలు కాల్చిరనియు, అంతట తమ సైనికులు ఏ ఆజ్ఞయు లేకయే వారిపై బడి కాల్పులు సాగించిరనియు ఆయన వ్రాసికొనెను.

ఈ రెండును చదివిన బాలుడు, ఇందొకరు అబద్ధమాడినారని వెంటనే తేల్చివేయును. సమర్థుడైన ఉపాధ్యాయుడు అచ్చట పాఠము ముగింపక అచ్చటనే ప్రారంభించును. వాఙ్మూలము నెవరు సేకరింపుమనిరి? మసాచుసెట్స్ ప్రాంతీయ కాంగ్రెస్. ఎవరు చదువుటకు? ఆ పత్రములను క్వెరో అను వడిగల యోడలో లండనుకు పంపిరి. బ్రిటిష్ సేనాధిపతి గేజ్ పంపిన నివేదిక కంటె అవి ముందుగా చేరినవి. అనగా ఇంగ్లండు ప్రజాభిప్రాయమును తమవైపు త్రిప్పుకొనుట వాని యుద్దేశములలో నొకటి. ముప్పదినలుగురు ఒకే మాటగా చెప్పుట జ్ఞాపకశక్తికి నిదర్శనమా, ముందుగా కుదుర్చుకొన్న పాఠమునకు నిదర్శనమా? ఇక బార్కర్ సంగతి. ఆయన సైనికుడు, తన పక్షమును సమర్థించుకొను కోరిక ఆయనకు నుండవచ్చును. కాని ఆ డైరీలోనే ఆయన తమ దండయాత్ర ఏర్పాటులను తప్పుపట్టెను. తన సైనికులు అదుపు తప్పిరని యొప్పుకొనెను. స్వపక్షమును నిందించిన సాక్షి మాటకు ఎక్కువ విలువ నీయవలెనా? గంట మ్రోగునప్పటికి మొదటి తుపాకి సంగతి తేలకపోవచ్చును. చరిత్రకారులకును అది నిస్సంశయముగా తేలలేదు. కాని సాక్ష్యమును తూచుట అనగా నేమో ఆ తరగతికి తెలిసినది. ఆ విద్య ఆ గదిలోనే నిలిచిపోదు.

శామ్ వైన్‌బర్గ్ అను విద్యావేత్త 1991లో ప్రకటించిన పరిశోధనకు ఆధారము ఈ లెక్సింగ్టన్ పత్రములే. ఎనమండుగురు చరిత్రకారులకును, ఎనమండుగురు ఉన్నత పాఠశాల విద్యార్థులకును వానినే యిచ్చి, చదువుచు తమకు తోచినదెల్ల పైకి చెప్పుడనెను. చరిత్రకారులు పత్రమును మొదటినుండి చదువక, ముందుగా దాని నెవరు ఎప్పుడు వ్రాసిరో చూచిరి. ఒక పత్రమును మఱియొక పత్రముతో పోల్చిరి. విద్యార్థులు మొదటి పంక్తి నుండి కడపటి పంక్తి వఱకు వరుసగా చదివిరి. వ్రాసినవారి పేరు వారికి చివర కనబడిన యక్షరములు మాత్రమే. వారు మందబుద్ధులు కారు. చదువులో మంచి పేరు గలవారే. అచ్చులో నున్నదెల్ల సమాచారమే యని వారికి అలవాటైనది. ఆ యలవాటును నేర్పినది పాఠ్యగ్రంథము. ఎవరు వ్రాసిరో తెలియని వార్తలును, ఎవరు కల్పించిరో తెలియని చిత్రములును క్షణములో లోకమంతయు ప్రాకు నేటి కాలమున, ఈ యలవాటు పరీక్షలో మార్కులు పోగొట్టుటతో ఆగదు. మోసపోవు పౌరులను తయారుచేయును.

తెలుగు సాహిత్య విద్యార్థులకు పాఠభేదముల విలువ తెలియనిది కాదు. ఒక కావ్యపు తాళపత్ర ప్రతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూచినపుడు, ఒక్క పదము మారినందున కవి హృదయమే మారినట్లు తోచు సందర్భములు కలవు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను గూర్చియు అట్లే చెప్పవలెను. 1776లో కాంగ్రెస్ ఆమోదించిన సాపుప్రతిని అందఱు నెఱుగుదురు. థామస్ జెఫర్సన్ సిద్ధపఱచిన చిత్తుప్రతి, దిద్దుబాటులతోను కొట్టివేతలతోను, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో నున్నది. అందు బానిసల వ్యాపారమును సాగించిన నేరమును ఇంగ్లండు రాజుపై మోపుచు ఒక తీవ్రమైన ఖండిక కలదు. కాంగ్రెస్ దానిని తొలగించెను. దక్షిణ కరొలైనా, జార్జియా రాష్ట్రముల ప్రతినిధులను సంతోషపెట్టుటకు అట్లు జరిగెననియు, ఉత్తరాదివారికిని ఆ వ్యాపారములో పాలుండుటచే వారికిని ఆ మాటలు రుచింపలేదనియు జెఫర్సన్ తరువాత వ్రాసెను. ఆ ఖండికను వ్రాసిన జెఫర్సన్ తన జీవితకాలములో ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని. ఈ మూడు సంగతులను ఒకే బల్లపై నుంచినపుడు, మానవులందఱు సమానులన్న దేశమేనా ఇది యని విద్యార్థి అడుగును. ఆ ప్రశ్నను పాఠ్యగ్రంథము నేర్పిన సమాధానముగా కాక, తన కన్నులతో చూచిన కొట్టివేత నుండి అడుగును. అందువలన అది అతని సొంత ప్రశ్న యగును. ప్రకటన గొప్పతనమును కాదనుటకు అతడు తొందరపడడు. దాని గొప్పతనము ఏ వెలకు అమ్ముడుపోయెనో తెలిసికొనును.

పత్రములు చెప్పు మాటలవలెనే, చెప్పని మాటలును పాఠములే. 1850, 1860 సంవత్సరముల జనాభా లెక్కలలో బానిసలకు ప్రత్యేక పట్టికలు కలవు. అందు యజమాని పేరు వ్రాయబడినది. బానిస పేరు సామాన్యముగా లేదు. వయస్సు, స్త్రీయో పురుషుడో, దేహచ్ఛాయ - ఇంతమాత్రమే. ముప్పదియేండ్ల స్త్రీ, ఆమె క్రింద ఎనిమిదేండ్ల బాలుడు, వాని క్రింద ఆరు నెలల శిశువు. వారు తల్లీబిడ్డలో కారో కూడ ఆ పట్టిక చెప్పదు. 1860 నాటికి ఇట్లు లెక్కకెక్కిన బానిసలు 39 లక్షలకు పైబడియున్నారు. విముక్తులైన ఈ ప్రజలందఱి పేర్లు జనాభా లెక్కలలోని కెక్కినది 1870లోనే. బానిసత్వము క్రూరమైనదని పుస్తకములో చదివిన విద్యార్థి తలయూపి పుట త్రిప్పును. పేరులేని ఆ వరుసపై వ్రేలుంచి క్రిందికి దిగిన విద్యార్థి అంత తొందరగా పుట త్రిప్పలేడు. మనుష్యుని పేరు తీసివేయుటకు కొరడా అక్కఱలేదు. లెక్కలు వ్రాయు కలము చాలునని అతనికి తెలియును.

ఆ పేరులేనివారి మాట వినుటకు మఱియొక యాధారము కలదు. 1936 నుండి 1938 వఱకు ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు పక్షమున కొందఱు రచయితలు వెళ్లి, అప్పటికి బ్రదికియున్న పూర్వపు బానిసలను కలసి, 2,300కు పైగా కథనములను వ్రాసికొనిరి. అవి అమూల్యములు. అయినను వానిని వేదవాక్యములుగా గ్రహింపరాదు. చెప్పినవారు వృద్ధులు, బానిసత్వపు దినములలో వారిలో పెక్కుమంది పసివారు. అడిగినవారిలో అధిక సంఖ్యాకులు శ్వేతజాతీయులు. అది దక్షిణాదిలో నల్లవారు తెల్లవారి యెదుట మనసు విప్పి మాటలాడుటకు భయపడిన కాలము. ఆర్థిక మాంద్యముచే వృద్ధులు తిండికి తడుముకొనుచున్న కాలము. యజమాని దయామయుడని ఒక వృద్ధురాలు చెప్పినచో, ఆమె యెవరితో చెప్పుచున్నదో విద్యార్థి గమనింపవలెను. పీడితుని మాట యైనంత మాత్రమున ప్రశ్నింపరాదనుట సానుభూతి కావచ్చును గాని చరిత్ర కాదు. ప్రశ్నించుట యనగా అవిశ్వసించుటయు కాదు. ఏ పరిస్థితులలో ఆ నోరు విప్పబడెనో తెలిసికొని వినుటయే ఆ వృద్ధురాలికి చేయదగిన గౌరవము.

ఇటీవలి చరిత్రలోను పత్రము కట్టుకథను సవరించుచున్నది. 1955 డిసెంబరు 1న అలబామాలోని మాంట్‌గొమెరీ నగరమున రోజా పార్క్స్ బస్సులో తన సీటు విడిచి లేచుటకు నిరాకరించి అరెస్టయిన వృత్తాంతమును ఎఱుగనివారు అరుదు. అలసిపోయిన కుట్టుపని స్త్రీ యొకతె తెల్లవారి సీటులో కూర్చుండెనని అనేకులు చెప్పుకొను కథ. పోలీసు నివేదిక, వ్రేలిముద్రల పత్రము, బస్సులో ఆమె కూర్చుండిన చోటును గుర్తించు పటము నేషనల్ ఆర్కైవ్స్‌లో నున్నవి. తెల్లవారికి ప్రత్యేకించిన ముందు సీట్లకు వెనుక ఆమె కూర్చుండెనని పటము చూచినవారికి స్పష్టము. నగర చట్టము ఏమి చెప్పెను, డ్రైవరు ఏ యధికారముతో లెమ్మనెను అను ప్రశ్నలు అప్పుడు పుట్టును. ఆ పటము దొరకినది బ్రౌడర్, గేల్ అను వ్యాజ్యపు కాగితములలో. ఆ కట్టను విప్పినవారికి మఱియొక సంగతి తెలియును. బస్సులలోని జాతి విభజనను 1956లో కూలద్రోసిన ఆ వ్యాజ్యములో రోజా పార్క్స్ వాది కాదు. వాదులు నలుగురు వేరు స్త్రీలు. వారిలో క్లాడెట్ కాల్విన్, పార్క్స్ కంటె తొమ్మిది నెలలు ముందుగా, పదునైదేండ్ల వయస్సున, అదే కారణమున అరెస్టయిన బాలిక. తరగతిలో కూర్చున్న పదునైదేండ్లవారికి ఇంతకంటె దగ్గఱి పాఠము ఏమున్నది? పార్క్స్ ధైర్యము దీనివలన తఱుగదు. నల్లజాతి హక్కుల సంఘమునకు స్థానిక కార్యదర్శిగా ఏండ్ల తరబడి పనిచేసిన ఆమెను అలసిపోయిన కుట్టుపని స్త్రీగా మాత్రమే చూపిన కథయే ఆమెను తగ్గించినది.

ఈ పద్ధతికి ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది కాలము. ఒక్క లెక్సింగ్టనుకు రెండు దినములు పట్టినచో అంతర్యుద్ధము వఱకు ఎప్పుడు చేరుదురని అధ్యాపకులు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. ప్రతి పాఠమును పత్రములతో బోధింపవలెనని ఎవరును కోరరాదు. పాఠ్యగ్రంథమును పారవేయనక్కఱలేదు. పూర్వాపరములు తెలియనివానికి పత్రము మూగది. ఆ పూర్వాపరములను చెప్పునది పాఠ్యగ్రంథమే. ఏడాదికి పది పండ్రెండు ఘట్టములను ఏఱి, అక్కడ ఆగి, పత్రములను విప్పినచో చాలును. మిగిలిన భాగమును విద్యార్థి ఆ కన్నులతోనే చదువుకొనును.

రెండవది లిపి. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దముల దస్తావేజులు గొలుసుకట్టు వ్రాతలో నున్నవి. 2010లో పెక్కు రాష్ట్రములు చేపట్టిన ఉమ్మడి విద్యాప్రమాణములలో ఆ వ్రాతకు చోటు లేకపోయెను. తమ రాజ్యాంగపు అసలు ప్రతిని తడుముకొనక చదువలేని బాలురు ఆ దేశములో తయారైరి. కాలిఫోర్నియా మొదలగు రాష్ట్రములు ఆ వ్రాతను మరల పాఠశాలలలో ప్రవేశపెట్టినవి. నేషనల్ ఆర్కైవ్స్ స్వచ్ఛంద సేవకులచే పాత పత్రములకు శుద్ధప్రతులు వ్రాయించుచున్నది. విద్యార్థులును ఆ పనిలో పాల్గొనవచ్చును. ఒక కుటుంబపు పింఛను అర్జీని అక్షరము అక్షరము విప్పి వ్రాసిన బాలిక, పదిమందికి ఉపయోగపడు పని చేసితినని గ్రహించును.

మూడవ యాక్షేపణ అన్నిటికంటె గట్టిది. పత్రములను ఏఱునది ఉపాధ్యాయుడే గదా? తనకు నచ్చిన రెండు పంక్తులు కత్తిరించి, తాను ముందే నిశ్చయించుకొన్న తీర్పుకు విద్యార్థులను నడిపించినచో, అది వేషము మార్చిన పాఠ్యగ్రంథము కాదా? అవును, అట్లు జరుగవచ్చును. లింకన్ 1863 జనవరి 1న వెలువరించిన విముక్తి ప్రకటనలోని మొదటి భాగమును మాత్రమే చూపినచో ఆయన బానిసలందఱిని ఒక్క కలపుపోటుతో విడిపించినట్లుండును. అందు మినహాయించిన ప్రాంతముల జాబితాను మాత్రమే చూపినచో ఆయన యెవరిని విడిపింపనట్లుండును. మొత్తము పత్రమును చూపి, తిరుగుబాటు చేసిన ప్రాంతములకు మాత్రమే అది వర్తించిన కారణమును, నల్లవారిని సైన్యములోనికి ఆహ్వానించిన భాగమును చదివించి, 1865లో పదుమూడవ రాజ్యాంగ సవరణ వచ్చు వఱకు కథను నడిపినచో నిజము దాపునకు చేరుదుము. పరస్పరము విభేదించు సాక్షులు లేని పత్రపాఠము పాఠము కాదనునది ఉపాధ్యాయునకు నియమముగా నుండవలెను.

ఈ నియమమే నేటి వివాదమునకును మార్గము చూపును. 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక, ఆఫ్రికా బానిసలు వర్జీనియా తీరమున దిగిన 1619వ సంవత్సరమును కేంద్రముగా చేసికొని అమెరికా చరిత్రను తిరిగి చెప్పుటకు పూనుకొనెను. దానికి ప్రతిగా అధ్యక్షుడు ట్రంప్ నియమించిన 1776 కమిషన్ 2021 జనవరిలో తన నివేదికను ప్రకటించెను. ఆ సంవత్సరము మొదలు పలు రాష్ట్రములు జాతి విషయముల బోధనకు హద్దులు గీయుచు శాసనములు చేసినవి. ఒకరు దేశభక్తిని ముందు కోరుదురు. మఱియొకరు పశ్చాత్తాపమును ముందు కోరుదురు. ఇరువురును విద్యార్థి చేరవలసిన గమ్యమును ముందుగనే నిర్ణయించినచో ఇక విద్యార్థి చేయవలసిన పని యేమున్నది? 1619ని గాని 1776ని గాని అతని నుండి దాచవలసిన పని లేదు. రెండింటి కాగితములను అతని ముందుంచవలెను. శాసనము భయముచే బానిసల పట్టికను తరగతిలో చూపుటకు వెనుదీయు ఉపాధ్యాయుడున్న చోట, నష్టపోవునది ఒక పక్షము కాదు, విద్య.

ఈ సంగతులు సముద్రముల కావలి వారివని తెలుగువారు ఊరకుండుటకు వీలులేదు. 1965 వలస చట్టము తరువాత ఆ దేశమున స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలు ఆ తరగతులలో కూర్చుని ఆ చరిత్రనే చదువుచున్నారు. వారి ముందుంచదగిన పత్రమొకటి కలదు. 1923లో భగత్‌సింగ్ థింద్ అను పంజాబీ పౌరసత్వమును గూర్చిన వ్యాజ్యములో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు శ్వేతజాతీయులు కారనియు, కావున పౌరులు కాజాలరనియు తీర్పు చెప్పెను. థింద్ అమెరికా సైన్యములో పనిచేసినవాడు. ఆ యన్యాయమునకు ఎవరికైనను మనసు నొచ్చును. కాని ఆయన పక్షమున దాఖలైన వాదపత్రమును కూడ చదువవలెను. జాతిని బట్టి పౌరసత్వము నిచ్చుట తప్పని అందు లేదు. ఆయన అగ్రకులజుడైన ఆర్యుడనియు, అగ్రకులజులు తమ దేశమున ఆదివాసులతో వివాహ సంబంధమునకు చూపు వైముఖ్యము అమెరికాలో తెల్లవారు నల్లవారియెడ చూపు వైముఖ్యము వంటిదేననియు అందు వాదింపబడినది. బాధితుడు తన బాధకు కారణమైన కొలబద్దనే చేతబట్టిన వైనము అది. మన బిడ్డలకు తీర్పును మాత్రమే చూపి ఆ వాదపత్రమును దాచినచో, దక్షిణాదిలో బానిసల పట్టికను దాచువారిని తప్పుపట్టు హక్కు మనకుండదు.

అదే చట్టపు నీడలో ఒక తెలుగు మహామేధావి బ్రదికెను. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో అమెరికా చేరి, వైద్యశాస్త్రమునకు అపారమైన సేవ చేసి, పౌరసత్వము పొందకయే 1948లో మరణించెను. ఏడాదికి నూరుగురు భారతీయులకు ప్రవేశమిచ్చి, పౌరసత్వపు తలుపు తెఱచిన లూస్-సెల్లర్ చట్టము వచ్చినది 1946లో. తీర్పును, చట్టమును, ఆయన జీవితమును ప్రక్కప్రక్కన చదివిన తెలుగు బాలునకు అమెరికా చరిత్ర పరాయి చరిత్రగా తోచదు. భారతీయ వలసదారుల ఉత్తరములను, ఛాయాచిత్రములను భద్రపఱచుటకు 2008లో సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ ఏర్పడినది. అటకలపై, సూట్‌కేసులలో పడియున్న తెలుగు ఉత్తరములును ఒకనాటికి చరిత్రకు మూలపత్రములే యగును. వానిని చించి పారవేయకుండుట ఆ కుటుంబముల బాధ్యత.

ప్రభుత్వములు మారును, పాఠ్యప్రణాళికలు మారును, ఒక తరము మెచ్చిన వీరుని మఱియొక తరము ప్రశ్నించును. పత్రాగారములు తలుపులు తెఱచుకొని యుండవలెను. వానిని పోషించుటకు ప్రభుత్వములు ధనమీయవలెను. చరిత్రోపాధ్యాయునకు తగిన శిక్షణమును, వ్యవధిని, నిర్భయముగా ప్రశ్న వేయు స్వేచ్ఛను ఈయవలెను. పరీక్షలలో తేదీలను అడుగు ప్రశ్నల ప్రక్కన, ఒక చిన్న పత్రమునిచ్చి దీని నెవరు, ఎవరి కొరకు, ఎందుకు వ్రాసిరి అని అడుగు ప్రశ్న యొకటి చేర్చవలెను. పత్రము సాక్షియే గాని న్యాయమూర్తి కాదు. తీర్పు చెప్పవలసినది రేపటి పౌరుడు. సాక్షులందఱిని విచారింపకయే తీర్పు చెప్పుట అతనికి అలవాటు చేయకుండుటయే చరిత్రోపాధ్యాయుని ధర్మము.